తుగ్యానీ నుండి మా కాలనీ ప్రహరీ గోడ దాకా

సాధారణంగా ఈ పుటల్లో మధుమేహాన్ని గూర్చో, రక్తపోటును గూర్చో, వానకాలపు జ్వరాలను గూర్చో వ్రాస్తుంటాను. ఈసారి ఒక చెరువు అలుగును గూర్చి వ్రాయబోతున్నాను. వైద్యుడికి చెరువుతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. ముప్పై ఏండ్లకు పైగా ప్రభుత్వ దవాఖానాల్లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: నా వార్డుల్లో చేరిన రోగుల్లో సగం మందిని అక్కడికి పంపింది మంచినీటి గొట్టమో, మురుగు కాలువో, నిలిచిన నీరో.

పోయిన ఆదివారం మా కాలనీ సంక్షేమ సంఘం సమావేశం జరిగింది. కాలనీకి ఎగువనున్న కుంట నిండితే నీరు దిగువ చెరువుకు పోవడానికి పూర్వం ఒక అలుగు కాలువ ఉండేది. దానిని తిరిగి తెరవాలని కొందరు, అటువంటి కాలువ ఏదీ ఇక్కడ లేనే లేదని మరికొందరు రెండు గంటల సేపు వాదించుకున్నారు. లేదన్న వారిలో నేను ఒకప్పుడు ఉండేవాణ్ణి. ఇప్పుడు లేను. ఎందుకు లేనో చెప్పాలంటే నూరేండ్లకు పైగా వెనక్కి పోవాలి.

1908 సెప్టెంబరు 28, సోమవారం. హైదరాబాదు ముసలివారు ఆ రోజును చాలాకాలం దాకా ‘తుగ్యానీ’ అనే ఒక్క మాటతో చెప్పుకునేవారు. ఉర్దూలో ఆ మాటకు వరద అని అర్థం. అంతకు ముందు రెండు రోజులుగా మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతంలో ఎడతెగని వాన. శంషాబాదు వద్ద ఇరవైనాలుగు గంటల్లో 12.8 అంగుళాలు, నలభై ఎనిమిది గంటల్లో దాదాపు 19 అంగుళాలు కురిసినట్లు లెక్కలున్నాయి. తెల్లవారేసరికి నది కట్టు తప్పింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడీ వంటి తీరపు బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు 15,000 మంది మరణించారని, 80,000 మంది నిలువ నీడ కోల్పోయారని అంచనా. 1578 నాటి పురానాపూల్ మాత్రం నిలిచింది.

అఫ్జల్‌గంజ్ దవాఖానా నది ఒడ్డునే ఉండేది. మా వృత్తివారికి అది సామాన్యమైన స్థలం కాదు. 1846లో మొదలైన హైదరాబాదు వైద్య పాఠశాల విద్యార్థులు రోగులను చూసి నేర్చుకున్నది అక్కడే. క్లోరోఫాంపై 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపిన విచారణలు ప్రపంచ వైద్య పత్రికలకెక్కినది ఆ కాలంలోనే. ఆ దవాఖానాను నది మింగివేసింది. దాని ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నగరంలో ఉండి దానిని చూడని వైద్య విద్యార్థులు చాలామంది ఉన్నారు. వీలైతే ఒకసారి చూడండి. ఆ రోజు అమ్జద్ హైదరాబాదీ అనే యువ ఉర్దూ కవి తల్లి, భార్య, బిడ్డ కళ్ళ ముందే కొట్టుకుపోయారు. కుటుంబంలో ఆయన ఒక్కడే మిగిలాడు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఉగ్రరూపం శాంతించడానికి చీర, గాజులు, కొబ్బరికాయ సమర్పించాడని ప్రజలు చెప్పుకుంటారు. ఆయన బాధితులకు వంటశాలలు తెరిపించాడు, భవనాల తలుపులు తీయించాడు. అవి దయాగుణానికి సంబంధించిన పనులు. నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది మరొకటి. వరద తగ్గిన తరువాత ఆ ప్రభుత్వం ‘ఇది దైవఘటన’ అని ఊరుకోలేదు. కారణం తెలుసుకోదలచింది. బొంబాయి ప్రభుత్వ సేవ నుండి తప్పుకొని ఐరోపాలో పర్యటిస్తున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది.

విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో పని ప్రారంభించి ఆ సంవత్సరం అక్టోబరు 1న నివేదిక సమర్పించారు. ఆయన పద్ధతి నాకు మంచి వైద్యుడి పద్ధతిలా కనిపిస్తుంది. ముందు రోగి చరిత్ర అడిగారు. ఎక్కడెక్కడ ఎంత వాన కురిసింది, ఏ గంటకు నది ఎంత ఎత్తుకు లేచింది, ఎగువన ఏమి జరిగింది అని విచారించారు. మూసీ పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులున్నాయి, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి. ఆ వానలో వాటిలో 221 చెరువుల కట్టలు తెగాయి. ఎగువ చెరువు తెగి దిగువ చెరువు మీద పడితే అదీ తెగుతుంది. ఆ రెంటి నీరూ కలిసి మూడో దానిపై పడుతుంది. నగరాన్ని ముంచినది ఆకాశం నుండి పడిన వాన మాత్రమే కాదు, గొలుసు తెగిన చెరువుల నీరు కూడా. నగరం వద్ద ఆ వరద సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని ఆయన లెక్క కట్టారు.

ఆయన సూచించిన చికిత్స రెండు భాగాలు. మొదటిది, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచి, నది మోయగలిగినంత మేరకే క్రిందికి వదలడం. రెండవది, నగరంలో నది గట్లను ఎత్తు చేసి, తీరాలను ఉద్యానాలుగా మార్చి, మురుగు నీటిని వేరుగా భూగర్భ గొట్టాల్లో తరలించడం. ఈ రెండో భాగాన్ని మనం తరచుగా మరచిపోతాం. విశ్వేశ్వరయ్య 1922లో మళ్ళీ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయనకు అప్పగించిన ముఖ్యమైన పనుల్లో నగర మురుగు పారుదల ఒకటి.

ఈ నడుమనే ప్లేగు వచ్చింది. 1911లో అది నగరంలో వ్యాపించింది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, నాంపల్లి, మలక్‌పేట వంటి చోట్ల గాలి వెలుతురు సోకే ఇళ్ళు కట్టించింది. ఎలుకలు, ఈగలు, చీకటి గదులు ఉన్నంత వరకు మందులతో ప్లేగును ఆపలేమని ఆనాటి పాలకులకు అర్థమైంది. 1915లో అంటువ్యాధులకు ఒక క్వారంటైన్ దవాఖానా పెట్టారు. అది 1923లో నల్లకుంటకు మారింది. క్వారంటైన్ అనే మాట జనం నోట నలిగి ‘కోరంటి’ అయింది. ఇప్పటికీ పాతవాళ్ళు దానిని కోరంటి దవాఖానా అనే అంటారు. కోవిడ్ వచ్చిన సంవత్సరం దేశమంతా క్వారంటైన్ అనే మాటను కొత్తగా నేర్చుకుంది. హైదరాబాదు ఆటో డ్రైవర్లు అంతకు నూరేండ్ల ముందు నుండీ దానిని పలుకుతున్నారు!

మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీరు మోటారు అక్కర లేకుండా వాలు మీదనే ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి వచ్చేది. హిమాయత్‌సాగర్ నీరు మీరాలం వడపోత కేంద్రానికి వచ్చేది. గండిపేట నీరు త్రాగినవాడు ఊరు వదలడని పాతనగరంలో ఒక సరదా మాట ఉండేది. నాకు మాత్రం ఆ నీటిలో రుచి కంటె విలువైనది దాని శుభ్రత. ఎగువన ఊళ్ళు తక్కువ, కర్మాగారాలు లేవు. అందుచేత శుద్ధి చేయవలసింది కూడా తక్కువ.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ రెండు జలాశయాల మొదటి ప్రయోజనం వరదను ఆపడం. మంచినీరు వాటి వల్ల కలిగిన అదనపు లాభం. ఈ వరుసను తలక్రిందులు చేయడం వల్లనే ఈనాటి వాదాల్లో చాలా గందరగోళం ఏర్పడింది. 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య కర్మాగారాలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించింది. ఒక నూనె కర్మాగారం వివాదంలో సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో ఆ రక్షణను సమర్థించింది. తరువాత మంజీరాతో పాటు కృష్ణా నీరు వచ్చింది, గోదావరి నీరు వచ్చింది. నగరపు వాడకంలో జంట జలాశయాల వాటా చాలా చిన్నదయింది. ‘ఇక ఈ నీరు మనకు అక్కరలేదు, ఆంక్షలెందుకు?’ అన్న ప్రశ్న పుట్టింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది.

ఆ ప్రశ్నకు నా సమాధానం ఇది. త్రాగడానికి అక్కరలేదన్న మాట నిజమే అనుకుందాం. వరద కూడా అక్కరలేదని రాదు కదా! ఎగువ పొలాల్లో పడిన వాన సగం ఇంకుతుంది, మిగిలింది మెల్లగా వస్తుంది. అదే నేల మీద సిమెంటు పరిస్తే పడినదంతా పరుగున వస్తుంది. జలాశయం పరిమాణం మారదు, దానిలోకి వచ్చే వేగం మారుతుంది. రోగి మూత్రపిండాలు అవే ఉండగా సెలైన్ వేగం పెంచితే ఏమవుతుందో ఏ హౌస్ సర్జనుకైనా తెలుసు.

అయితే అటువైపు మాటను కూడా నేను విన్నాను. ఆ 84 గ్రామాల్లో ఒక గ్రామానికి వైద్య శిబిరం కోసం పలుమార్లు వెళ్ళాను. ఒక రైతు నన్ను అడిగాడు: ‘రోడ్డు కవతల ఎకరం కోట్లు పలుకుతది. ఇవతల నా బిడ్డ పెండ్లికి అమ్ముదమంటె కొనేటోడు లేడు. మీ పట్నం మునుగొద్దని నేనెందుకు మునగాలె, సారూ?’ నా వద్ద జవాబు లేకపోయింది. నగరం క్షేమం కోసం ఆ రైతులు పాతికేండ్లకు పైగా మూల్యం చెల్లించారు, నగరం వారికి ఏమీ చెల్లించలేదు. ఆంక్షలు ఎత్తివేయడం దీనికి పరిష్కారం కాదు. ఆంక్షలు ఉంచి, ఆస్తిపన్నుతో బాటు ఏటా కొంత రుసుము నగరవాసుల నుండి తీసుకుని ఆ రైతులకు ఇవ్వడమే న్యాయమని నా అభిప్రాయం. బదలాయించదగిన అభివృద్ధి హక్కుల పత్రాలు ఇవ్వడం మరొక మార్గం. నేను ఆ రుసుము కట్టడానికి సిద్ధమని మా కాలనీ సమావేశంలో చెబితే కొందరు నవ్వారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

ఉద్యోగంలో ఉండగా 1990లలో నగరానికి ఆగ్నేయంగా, అప్పటికి ఊరి చివరనున్న ఒక లేఅవుట్‌లో 267 గజాల స్థలం కొన్నాను. అనుమతి పత్రాలన్నీ సరిగానే ఉన్నాయి. స్థలం అమ్మినవాడు ఎగువనున్న కుంటను చూపించి ‘లేక్ వ్యూ’ అన్నాడు. ఇల్లు కట్టేటప్పుడు ఆ ఊరి ముసలి నీరటి ఒకడు వచ్చి నిలబడ్డాడు. తూము తీయడం, మూయడం, కట్ట చూసుకోవడం తరతరాలుగా వారి కుటుంబం పని. ‘డాక్టర్ సాబ్, మీ ప్రహరీ గోడ అలుగు బాట మీద వస్తున్నది’ అన్నాడు. పునాది తీసే మేస్త్రీ అతనిని కసురుకున్నాడు. నేను మేస్త్రీని వారించలేదు. కుంటలో నీరు లేక అప్పటికి చాలా ఏండ్లయింది. నకలు తీసి గ్రామ నక్షా చూసి ఉంటే కాలువ గీత కనిపించేది. రక్తపరీక్ష లేకుండా మందు వ్రాయని నేను, నక్షా చూడకుండా ఇల్లు కట్టాను.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. మా వీధిలో మోకాలి లోతు నీరు నిలిచి మరునాటికి పోయింది. అప్పుడు కూడా మేల్కొనలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి మాత్రం నీరు ఇంట్లోకి వచ్చింది. ఆ రాత్రి ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లు దాటిన వాన కురిసింది. పల్లెచెరువు కట్ట తెగింది, నాలుగైదు రోజులకు గుర్రంచెరువు తెగింది. విశ్వేశ్వరయ్య 1909లో వ్రాసిన గొలుసుకట్టు ప్రమాదం నూట పదకొండేండ్ల తరువాత అదే నగరంలో మళ్ళీ జరిగింది. మా కుంట తెగలేదు కాని పొంగింది. అలుగు నుండి దిగిన నీరు తన పాత బాటనే పట్టి మా ప్రహరీని తాకి, దారి లేక రెండు వైపులా చీలి పద్దెనిమిది ఇళ్ళలోకి పోయింది.

మా వీధి చివర అపార్టుమెంటు కాపలాదారు ఆ రాత్రి నడుము లోతు నీటిలో తిరిగి ముసలివాళ్ళను మోసి మేడ మీదికి చేర్చాడు. తొమ్మిది రోజులకు అతనికి జ్వరం వచ్చింది. అది కోవిడ్ కాలం. నన్ను అడిగితే కోవిడ్ పరీక్ష చేయించమని, పారాసిటమాల్ వేసుకోమని చెప్పాను. పరీక్షలో కోవిడ్ లేదని వచ్చింది. పిక్కలు నొప్పిగా ఉన్నాయన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీటిలో తిరిగినందువల్ల అలసట అనుకున్నాను. మూడో రోజు కళ్ళు పచ్చబడి, మూత్రం తగ్గిన తరువాత కాని నాకు లెప్టోస్పైరోసిస్ అని తట్టలేదు. దవాఖానాలో చేర్చి, పెన్సిలిన్ ఇచ్చి, నాలుగుసార్లు డయాలిసిస్ చేయవలసి వచ్చింది. బ్రతికాడు. మొదటి రోజే మాత్రలు ప్రారంభించి ఉంటే ఆ డయాలిసిస్ అవసరం ఉండకపోవచ్చు. వైద్య కళాశాలలో ఈ వ్యాధి లక్షణాలను ఒక్కొక్కటిగా పిల్లలకు చెప్పినవాణ్ణి నేను.

అందుచేత పాఠకులకు ఒక క్రమం చెబుతాను, గుర్తుంచుకోండి. వరద వచ్చిన మొదటి రెండు రోజుల్లో ప్రమాదం కరెంటు, పాము, మునక. తరువాతి వారం పది రోజుల్లో వాంతులు, విరేచనాలు, కలరా. సంపులోకి మురుగు చేరితే దానిని పూర్తిగా తోడి, కడిగి, క్లోరిన్ వేసి కాని వాడకూడదు. రెండో వారం నుండి ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్; నీటిలో తిరిగినవారికి జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు ఉంటే వైద్యుడికి ఆ నీటి సంగతి తప్పక చెప్పండి. ఆ మాట మీరు చెప్పకపోతే ఆయనకూ నాలాగే తట్టకపోవచ్చు. మిగిలిన నీటిలో దోమ పెరిగి, మూడో వారానికి డెంగీ మొదలవుతుంది. పచ్చకామెర్లు ఇంకా ఆలస్యంగా, నెల దాటి కూడా రావచ్చు.

మంచినీటి గొట్టం, మురుగు గొట్టం ఒకే గుంటలో పక్కపక్కన ఉన్నచోట వరద కూడా అక్కరలేదు. 2009 మే నెలలో, ఎండాకాలంలోనే, భోలక్‌పూర్‌లో కలుషిత నీరు త్రాగి వందలాది మంది దవాఖానాల పాలయ్యారు, పలువురు మరణించారు. నిజాం కాలంలో అయిదు లక్షల లోపు జనం కోసం వేసిన మురుగు వ్యవస్థ మీద మనం కోటి మందిని ఎక్కించాం. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న నగరం ఇది. ఆ నగరంలో నేటికీ ప్రతి వానకాలం దోమల మందు పొగ బండి కోసం ఎదురుచూస్తున్నాం. పొగ ఎగిరే దోమను చంపుతుంది, నాలాలో నిలిచిన నీటిని కదిలించదు.

2024లో చెరువుల, నాలాల రక్షణకు హైడ్రా అనే సంస్థ ఏర్పడింది, మూసీ ఒడ్డున ఇళ్ళకు గుర్తులు పెట్టారు. దీనిపై నా అభిప్రాయం అడిగిన మిత్రులకు రెండు మాటలు. నీటి దారి తెరవాలన్నది సరైన లక్ష్యం. కాని ముప్పై ఏండ్లుగా పన్ను కట్టించుకుని, కరెంటు మీటరు ఇచ్చి, ఒక ఉదయం యంత్రాన్ని తీసుకుని పోవడం వైద్యం కాదు. శస్త్రచికిత్సకు ముందు సమ్మతి తీసుకుంటాం, తరువాత రోగిని ఎక్కడ ఉంచాలో ముందే ఏర్పాటు చేసుకుంటాం. పైగా గుడిసె తొలగినంత సులభంగా మేడ తొలగడం లేదన్న అనుమానం ప్రజల్లో ఉంది. అనుమతి ఇచ్చిన అధికారి, అమ్మిన వ్యాపారి, నాలాగా చూడకుండా కొన్న విద్యావంతుడు వీరంతా ఖర్చులో వాటా పంచుకోవాలి.

అందుకే ఆదివారం నాటి సమావేశంలో గ్రామ నక్షా నకలు బల్ల మీద పరిచాను. కాలువ వెడల్పు అందులో స్పష్టంగా ఉంది. అది మా ఇంటితో కలిపి ఏడు ఇళ్ళ ప్రహరీల గుండా పోతుంది. నలుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు న్యాయవాదిని అడిగి చెబుతామన్నారు. ‘మీకేం డాక్టరు గారూ, మీ పిల్లలు అమెరికాలో ఉన్నారు, మా పిల్లలకు మిగిలింది ఈ గోడే’ అని ఒకాయన కోపంగా వెళ్ళిపోయాడు. ఆయన మాటలోనూ కొంత నిజం ఉంది. రేపు సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి మళ్ళీ మాట్లాడాలి.

నిన్న సర్వేయరు వచ్చి కొలిచి, మా ప్రహరీకి లోపల అయిదడుగుల దూరంలో ఎర్ర రంగుతో గీత గీశాడు. మా ఆవిడ నాటిన కరివేపాకు చెట్టు గీతకు అవతల పడింది. వానలు మొదలయ్యేలోగా గోడ తీయిస్తానని సంతకం చేసి ఇచ్చాను.